సంగటి నాటకం వేస్తున్న మేనకోడలికి

పాపా,

నువ్వు ఒక్కదానివే స్టేజీ మీద రాగి సంగటి వండుతూ గంటసేపు నాటకం ఆడబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె గొంతులో దిగులు. నాకేమో మీసం దువ్వుకోవాలనిపించింది. రాత్రికి ఆ దిగులు నాకూ అంటుకుంది.

డైలాగులు కంఠతా పట్టడం, ముందురోజే హాల్లో ఒకసారి ఆడి చూసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. మంట సంగతి మాత్రం చెప్పాలి. చాలా హాళ్ళలో గ్యాసు పొయ్యి రానివ్వరు, మంచిదే. ఇండక్షన్ స్టవ్ పెట్టుకో. లైట్ల లైనులో కలపకుండా దానికి వేరే ప్లగ్గు అడుగు, లేకపోతే ఎసరు మరిగేలోపే స్టేజీ చీకటైపోతుంది. పొయ్యి ఏదైనా సరే, నైలాన్ చీర కట్టావంటే నేను రాను. మన కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక కుటుంబాలు స్టేజీ మీద వానలూ మంటలూ చూపించగలిగాయంటే, తెర వెనక ఇంటిల్లిపాదీ ఉండబట్టే. నీ వెనక ఎవరున్నారు? ఒక్కరినైనా తడి గోనెసంచితో పక్కన నిలబెట్టు.

ఇక తాలింపు. పుల్లగూరకు తాలింపు పెట్టే ఘట్టం ఉందట కదా! మా నాటక సమాజంలో ఒకాయన ఉండేవాడు, మంచి నటుడు. పరిషత్తు పోటీల్లో తల్లి పోయిన కొడుకు వేషం. ఇంట్లో ఒంటరిగా పప్పుకు తాలింపు పెట్టుకుంటూ అమ్మను తలచుకోవాలి. రిహార్సల్స్‌లో ఉత్త బాండలిలో గరిటె తిప్పేవాడు. పోటీ రోజు ఏం బుద్ధి పుట్టిందో, పొగలొచ్చే నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాడు. మాటలు వినబడాలని హాల్లో ఫ్యాన్లు ఆపేశారు. మొదట ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జనం నటన అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత దగ్గు మొదలైంది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కండువాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ‘అమ్మా’ అనాల్సిన చోట ఆయనకు గొంతే పెగల్లేదు. తెర వేసేశాం. తెర పడినా ఘాటు పోదు కదా! తర్వాతి సమాజం నాటకంలో కథానాయిక ప్రాణాలు విడుస్తుంటే వెనక బెంచీల్లోంచి ఎవడో ‘ఆకలేస్తోందిరా’ అన్నాడు. ఆ సమాజం వాళ్ళు మాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

వాసన ముందు వరసకు అందిన చాలాసేపటికి గానీ చివరి వరసకు చేరదు, చేరాక పొమ్మన్నా పోదు. అందుకే ఏడుపు ఘట్టం ముందే ముగించి, తాలింపు ఆఖర్న పెట్టు. ఆవాలు, కరివేపాకు చాలు. మిరపకాయ జోలికి పోకు.

కాలేజీలో నీ క్యారియర్లో సంగటి చూసి నవ్వినవాళ్ళ మీద నాటకంలో పేజీలకు పేజీలు రాశావట. తగ్గించు తల్లీ. ఇప్పుడు రాగులంటే అందరికీ ముద్దే. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం కూడా చేసింది. నువ్వు ఉపన్యాసం మొదలుపెడితే షుగరు వ్యాధి ప్రచారం అనుకుంటారు. మీ అవ్వ ఏం చేసేది? నూకలు ఉడికాక పిండి కుప్పగా పోసి మూతపెట్టేది. కాసేపాగి కుండను పాదాలతో అదిమిపట్టి తెడ్డుతో గెలికేది. చేయి తడుపుకుని ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి అందులో పులుసు పోసేది. ఒక్క మాట మాట్లాడకుండా అదంతా చేసి చూపించు. తినేటప్పుడు నమలొద్దు, పులుసులో అద్ది మింగెయ్. డైలాగుకూ అడ్డం రాదు. నమిలావంటే మనవైపు వాళ్ళు అక్కడికక్కడే పట్టేస్తారు.

నాకు చివరి వరసలో టికెట్ తియ్. తాలింపు వాసన ఏ డైలాగు దగ్గర నాదాకా వచ్చిందో రాసిపెట్టుకుని చెప్తాను. మీ అమ్మను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టకు, ఆమెకు ఆయాసం.

మీ మామ