ట్రాప్ పోటీకీ బ్యాంకు గార్డు డ్యూటీకీ ఒకే షాట్‌గన్ స్టాక్ సరిపోతుందా?

తమ్ముడూ, నాన్నగారి పాత పన్నెండు బోరు డబుల్ బారెల్ షాట్‌గన్ నీ పేరుకి మారింది, దాంతోనే గుణుపురంలో బ్యాంకు గార్డుగా చేరుతున్నావు, అదే తుపాకికి పిస్టల్ గ్రిప్ స్టాక్ (పిస్తోలు పిడిలా వంపు పట్టు ఉన్న కుందా, అంటే భుజానికి ఆనించే వెనక భాగం) వేయించి ట్రాప్ (ఎగిరే బిళ్ళల్ని కాల్చే పోటీ) కూడా ఆడాలనుకుంటున్నావు. ఏ రకం మంచిదని అడిగావు. నేను కేంద్ర బలగంలో ఆర్మరర్‌గా చేసి రిటైరై రాయగడలో ఉంటున్నాను. కుందాలు విప్పడం, బిగించడం, పగిలినవి మార్చడంతోనే సర్వీసు గడిచింది. మా మేనకోడలు హైదరాబాదులో ట్రాప్ ఆడుతుంది కాబట్టి ఆ వైపు సంగతులూ కొంత తెలుసు. నన్నడిగితే గ్రిప్ ఆకారం ఆఖర్న చూసుకోవలసిన విషయం. ఆ తుపాకి ఒక్కడిదా పదిమందిదా, భుజానికి ఎప్పుడు ఎత్తుతావు, ఎత్తేటప్పుడు ఒంటిమీద ఏముంటుంది, ముందు ఇవి తేలాలి.

మామూలు షాట్‌గన్‌కి వెనక సైటు (గురి చూసుకునే గుర్తు) ఉండదు, ముందు చివర ఒక పూస ఉంటుంది అంతే. వెనక సైటు పని నీ కన్నే చేస్తుంది. ఆ కన్ను ఎక్కడ నిలవాలో నిర్ణయించేది చెంప ఆనే అంచు, అంటే కోంబ్. కంటికీ పూసకీ మధ్య 90 సెం.మీ. ఉందనుకో. చెంప 3 మి.మీ. పైకి లేచిందంటే 36 మీటర్ల దగ్గర దెబ్బ 12 సెం.మీ. పైన పడుతుంది. ట్రాప్‌లో ఎగిరే బిళ్ళ వ్యాసమే 110 మి.మీ. గుళ్ళు విచ్చుకుంటాయి కాబట్టి కొంత తేడా కనబడకుండా పోతుంది గానీ, రోజూ ఒకేచోట చెంప ఆనకపోతే ఎందుకు తగిలిందో, ఎందుకు తప్పిందో కూడా తెలియదు.

ట్రాప్‌లో తుపాకి ముందే భుజానికి ఆనించుకుని బిళ్ళ అడుగుతారు. అది 15 మీటర్ల ముందున్న గోతిలోంచి లేచి దూరంగా పోతుంది. అందుకే ట్రాప్ స్టాక్‌కి కోంబ్ ఎత్తుగా, బారెల్ మీది పట్టీకి సమాంతరంగా పెడతారు. మాంటే కార్లో అనేది ఈ రకమే. దెబ్బ కాస్త పైకి పడుతుంది కాబట్టి లేస్తున్న బిళ్ళని గొట్టంతో కప్పేయకుండా, చూస్తూనే కాల్చవచ్చు. అంచు వాలుగా ఉండదు గనక తుపాకి వెనక్కి తన్నినప్పుడు దవడకి గుద్దుకోదు కూడా. స్కీట్ అనే ఇంకో బిళ్ళల పోటీ దీనికి పూర్తిగా వేరు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం బిళ్ళ కనబడేదాకా తుపాకి మడమ (భుజానికి ఆనే స్టాక్ చివర) నడుము దగ్గరే ఉండాలి, అక్కడి నుంచి ఒక్క ఊపులో ఎత్తాలి. మడమకి వేసే రబ్బరు ప్యాడ్ పై మూల గుండ్రంగా, నున్నగా లేకపోతే చొక్కాకి తగులుకుంటుంది.

రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ గారి వీడియో గురించి రాశావు. ఆయనకి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ రజతం డబుల్ ట్రాప్‌లో, అంటే రెండు బిళ్ళలు ఒకేసారి ఎగిరే పోటీలో వచ్చింది. 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లో ఆ ఈవెంటే లేదు. వీడియో చూసి స్టాక్ ఎంచుకోవడమంటే పక్కవాడి కళ్ళద్దాలు పెట్టుకోవడమే. పోటీ స్టాక్‌ని ఒక మనిషి మెడ, చెయ్యి, దవడ చూసి సరిచేస్తారు. మా మేనకోడలికి మొదట ఇచ్చిన క్లబ్బు తుపాకి మడమ కింది మొన ఛాతీకి గుచ్చుకునేది, పైన భుజం దగ్గర ఖాళీ. చూసినవాళ్ళంతా పొడవు కోయించమన్నారు. కోచ్ మాత్రం ప్యాడ్ వెనక ఏటవాలు ముక్క ఒకటి వేసి కోణం మార్చాడు, పొడవు ముట్టుకోలేదు. నొప్పి పోయింది. కోంబ్ ఎత్తు మార్చుకునే వీలున్న స్టాక్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎంత ఖర్చయినా దండగ కాదు, ఎందుకంటే మొదటి ఏడాది చెంప ఆనే తీరే మారిపోతూ ఉంటుంది.

ఇక డ్యూటీ. బలగంలో పంప్ యాక్షన్ తుపాకి (ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది) కోత్‌లోంచి, అంటే ఆయుధాల గదిలోంచి, ఈరోజు ఒకడు తీసుకుంటాడు, రేపు ఇంకొకడు. పైగా బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మందం భుజం ముందుకొస్తుంది. పొట్టి స్టాక్‌తో పొడుగువాడు సర్దుకోగలడు, పొడుగు స్టాక్‌తో పొట్టివాడు సర్దుకోలేడు. మామూలుగా ట్రిగ్గర్ నుంచి మడమ దాకా 14 అంగుళాల పైచిలుకు వస్తుంది. డ్యూటీకి 13, జాకెట్ ఉంటే పన్నెండున్నర ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మోచేతి మడతలో మడమ పెట్టి కొలిచే పాత పద్ధతిని నమ్మొద్దు. భుజానికి ఎత్తి చెంప ఆనించాక, బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉందా అని చూసుకో.

మడమ లేకుండా ఉత్త పిస్టల్ గ్రిప్‌తో వచ్చేవి సినిమాల్లో బావుంటాయి. చెంప ఆనదు కాబట్టి గురి ఉండదు, తన్నుడంతా మణికట్టు మీదే. పొడవు పెంచి తగ్గించేలా జరిపే స్టాక్ పదిమంది వాడే చోట పనికొస్తుంది, కానీ చాలావాటిలో చెంపకి పల్చగా తగులుతుంది, గడ్డం ఉంటే వెంట్రుకలు పీకుతుంది. ఆ తిన్నటి స్టాకులు కన్నుని ఎత్తులో పెడతాయి కాబట్టి ఉత్త పూసతో కాలిస్తే దెబ్బ పైకి పోతుంది, ఎత్తైన సైట్లు బిగించాలి. మాస్‌బర్గ్ 500 లాంటి పంప్ తుపాకుల్లో సేఫ్టీ మీట రిసీవర్ (లోపలి యంత్రం ఉండే ఇనుప పెట్టె) మీద వెనక ఉంటుంది. పిస్టల్ గ్రిప్ పట్టుకున్న చేతి బొటనవేలు దాన్ని అందుకోవడం కష్టం. రెమింగ్టన్ 870లో ట్రిగ్గర్ గార్డు దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

నీ తుపాకికి వస్తే, రెండు ట్రిగ్గర్లు. ముందు ట్రిగ్గర్ నొక్కాక వెనకదానికి చెయ్యి కొంచెం జారాలి. పాత ఇంగ్లీషు డబుల్ బారెళ్ళకి తిన్నటి పిడి పెట్టింది అందుకే. నిండు పిస్టల్ గ్రిప్ చేతిని ఒకేచోట పట్టేస్తుంది. అది ఒక్క ట్రిగ్గర్ ఉన్న ట్రాప్ తుపాకికి మంచిది, నీదానికి కాదు. ఉన్న కర్రనే ఉంచు. పొడుగనిపిస్తే కొద్దిగా తగ్గించి పల్చటి ప్యాడ్ వేయించు. మెత్తటి రబ్బరు మన ఉక్కకి కొన్నేళ్ళలో జిగురు పట్టి యూనిఫాంకి అంటుకుంటుంది, కాస్త గట్టిదే అడుగు.

బ్యాంకు గార్డు తుపాకి రోజంతా మూలన నిలబడే ఉంటుంది, గొట్టం పైకి పెట్టి. పైగా శ్రద్ధగలవాళ్ళు నూనె ధారాళంగా పోస్తారు. అదంతా కిందికి కారి, ఇనుము కర్రలో కూర్చునే చోట చేరుతుంది. అక్కడ కర్ర నల్లబడి మెత్తబడుతుంది. మెత్తబడ్డాక కాల్పు తన్నుడుకి పిడి సన్నబడే చోట నెర్రె పడుతుంది. నా దగ్గరికి వచ్చిన కుందాల్లో ఈ రోగమున్నవే ఎక్కువ. లోపల నూనె పూత లాగే ఉండాలి, తడి తెలియకూడదు. ఇంట్లో దాచేటప్పుడు కొన్నాళ్ళు గొట్టం కిందికి పెట్టు. పైన కర్రకి వానాకాలం ముందు అవిసె నూనె పల్చగా రుద్ది ఆరనిస్తే చెమ్మ అంతగా పట్టదు.

వడ్రంగి చేత మాత్రం చేయించకు. ఆయుధాల చట్టం కింద తుపాకి మరమ్మతుకి కూడా లైసెన్సు ఉండాలి. ట్రాప్ సంగతి వేరే పెట్టుకో, మొదట క్లబ్బు తుపాకితో నేర్చుకో. ఎప్పుడైనా నీది తీసుకెళ్ళాలనుకుంటే లైసెన్సులో ఏరియా ఏం రాశారో చూడు. ఒడిశా వరకే ఉంటే హైదరాబాదు సంగతి అటుంచి, పర్లాకిమిడి దాటి ఆంధ్రలోని పాతపట్నంలో దాంతో కాలుపెట్టినా నేరమే. ఏరియా పెంచమనే దరఖాస్తు లైసెన్సు ఇచ్చిన కలెక్టరాఫీసులోనే పెట్టాలి.