సోమరి చేను, చీమల గింజలు, పని చేయనొల్లనివాడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పని, బద్ధకం విషయమై వచ్చిన ఉత్తరాల్లో ఒకేలాంటివి కలిపేసి, ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. అధ్యాయాలు, వచనాలు పక్కనే ఇచ్చాం. బైబిలు దగ్గర పెట్టుకుని చదివితే మంచిది.

ప్రశ్న: సామెతల గ్రంథంలో సోమరి గురించి చదివిన ప్రతిసారీ నన్నే అంటున్నట్టు ఉంటుంది. ఖాళీగా అయితే ఉండను, రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంటాను. చేయాల్సిన పని మాత్రం రేపటికి, ఎల్లుండికి జరుగుతూ ఉంటుంది. నేను సోమరినేనా? మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక యువకుడు

జవాబు: సామెతల్లోని సోమరి పొద్దస్తమానం మంచం దిగనివాడే అనుకోవద్దు. అతను వేటకూ వెళ్తాడు, కానీ తెచ్చిన వేటను కాల్చుకోడు (12:27). పాత్రలో చెయ్యి ముంచుతాడు, నోటిదాకా ఎత్తడు (26:15). కాబట్టి రోజంతా ఏదో చేస్తున్నానన్నది మీకు రక్షణ కాదు. ఏ పని ఎక్కడ ఆగింది అన్నదే చూసుకోవాలి.

ఆ పుస్తకంలో పని మూడు చోట్ల తెగుతుంది. మొదటిది ఆరంభం: "ఇక కొంచెము నిద్రించెదనని కొంచెము కునికెదనని" (6:10). ఇక్కడ ఎవరూ పని మానేస్తానని అనలేదు, కొంచెం ఆగుతానన్నారు, అంతే. రెండోది సాకు: వీధిలో సింహం ఉంది (22:13, 26:13). ఆ రోజుల్లో ఆ దేశంలో సింహాలు నిజంగానే ఉండేవి. యొర్దాను పొదల్లోంచి వచ్చే సింహం గురించి యిర్మీయా రాశాడు (49:19). అందుకే ఈ సాకు అంత బాగా పనిచేస్తుంది. సింహం ఉన్న మాట నిజం, ఈ వీధిలో ఉందన్నదే అబద్ధం. మూడోది ముగింపు, పైన చెప్పిన వేట, పాత్ర.

వీటికి తోడు ఇంకొకటుంది. బుద్ధిగా జవాబు చెప్పగల ఏడుగురి కంటే తానే జ్ఞానినని సోమరి అనుకుంటాడట (26:16). ఎవరైనా అడిగినప్పుడు మీ దగ్గర వివరణ మరీ నున్నగా, తడుముకోకుండా వస్తుంటే అనుమానించాల్సింది అక్కడే.

వాయిదా ఎందుకు మోసం చేస్తుందో 20:4 చెబుతుంది: విత్తే కాలంలో దున్నలేదు, కోతకాలంలో వెతికితే ఏమీ లేదు. ఇశ్రాయేలు దేశంలో ఎండాకాలమంతా నేల రాయిలా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తొలి వానలు పడితేనే నాగలి దిగుతుంది. చలి, బురద, పైన వాన. ఆ రోజు దున్నకపోతే ఆ రోజు ఏ నష్టమూ కనిపించదు. యవల కోత మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. తప్పుకూ దాని ఫలితానికీ మధ్య నాలుగైదు నెలలు గడిచిపోతాయి, ఆ నెలల్లో దున్నినవాడూ దున్ననివాడూ ఒకే రకంగా తిని పడుకుంటారు. మీ వాయిదాల్లో కూడా ఇలా ఆలస్యంగా కాటేసేవే ప్రమాదం, వాటిని ముందు పట్టుకోండి.

చేయాల్సింది ఇది. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: మొదలే పెట్టనివి, సాకుతో ఆగినవి, సగంలో వదిలినవి. వారం పాటు రోజూ రాత్రి రాయండి, ఏదీ సరిచేయడానికి చూడకండి. రెండో వారంలో మూడో గడితో మొదలుపెట్టండి, ఎందుకంటే సగమైన పని త్వరగా చేతికొస్తుంది, ధైర్యం ఇస్తుంది. సాకుతో ఆగిన ప్రతి పని పక్కనా మీ సింహాన్ని ఒక్క వాక్యంలో రాసి, అది ఉందో లేదో ఎవరిని అడిగితే తెలుస్తుందో రాసి, మర్నాడే అడగండి. కొన్నిసార్లు సింహం నిజంగానే ఉంటుంది, అప్పుడు దారి మార్చుకోవచ్చు. మొదలు పెట్టని పనికి "రేపు" అని రాయొద్దు. గంట, చోటు, చేతితో చేసే మొట్టమొదటి కదలిక రాయండి: "ఏడింటికి బల్ల దగ్గర, మొదటి పేజీ తెరవడం". ఇరవై అయిదు నిమిషాలు చాలు.

ఇది ఎక్కువగా చెడేది మొదటి రోజే ఇరవై పనులు పెట్టుకోవడం వల్ల. రోజుకు మూడు దాటనివ్వకండి. "ప్రార్థిస్తున్నాను, దేవుడు నడిపిస్తాడు" అన్నది కూడా కొందరికి సింహమే. యెరూషలేము గోడ కట్టేటప్పుడు నెహెమ్యా ప్రార్థనా చేశాడు, కావలీ పెట్టాడు (4:9). రెండూ ఒకే వచనంలో ఉన్నాయి.

ప్రశ్న: సండే స్కూల్లో చీమల పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు, "చీమలు గింజలు దాచవని చదివాను" అన్నాడు. ఏం చెప్పాలి? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: చీమలన్నీ దాచవన్న మాట నిజమేనని చెప్పండి, పిల్లవాడిని తగ్గించకండి. చాలా జాతులు దొరికినప్పుడు తిని చలికాలమంతా కదలకుండా ఉంటాయి. చలి దేశాల పండితులు కొందరు తమ చుట్టూ ఉన్న చీమల్ని చూసి, చీమ కోతకాలంలో ధాన్యం కూర్చుకుంటుందన్న సామెతలు 6:8ని ఒకప్పుడు శంకించారు కూడా. మధ్యధరా తీరంలో, ఇశ్రాయేలులో ఉండే చీమల్లో మెస్సర్ అనే ప్రజాతి వేరు. బారులు తీరి గింజలు మోసుకొచ్చి, పొట్టు ఒలిచి, నేలకింద గదుల్లో నింపుతాయి. పొట్టంతా పుట్ట వాకిట కుప్పగా పోస్తాయి, ఆ కుప్పను బట్టే పుట్టను గుర్తుపట్టవచ్చు. వానకు గింజ తడిస్తే బయటికి తెచ్చి ఆరబెట్టి మళ్లీ లోపలికి చేరుస్తాయి.

పాఠంలో "చీమలు ఆగకుండా పనిచేస్తాయి" అని మాత్రం చెప్పకండి, వచనంలో ఆ మాట లేదు. అక్కడున్నవి రెండు సంగతులు: పైన అధిపతి లేకపోయినా చేస్తాయి, కోతకాలంలో చేస్తాయి. రాణి చీమ గుడ్లు పెడుతుంది, అంతేగాని ఆజ్ఞలివ్వదు. "అమ్మ గదిలో లేనప్పుడు నువ్వు చేసే పని ఏది?" అని అడిగి చూడండి, పిల్లలు వాళ్లే పాఠం చెప్పేస్తారు. కాస్త పెద్ద పిల్లలైతే 30:25 కలపండి, అక్కడ చీమలు బలంలేని జీవులు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏడేళ్లు. చదువయ్యాక రెండు పరీక్షలు రాశాడు, రాలేదు. ఏడాదిగా గదిలోనే ఉంటున్నాడు. "పని చేయనివాడికి అన్నం పెట్టొద్దని పౌలే రాశాడు, నువ్వే చెడగొడుతున్నావు" అంటున్నారు మా బంధువులు. అన్నం మానేయాలా? – ఒక తల్లి

జవాబు: మానేయవద్దమ్మా. మీ బంధువులు సగం వచనమే చెప్పారు. "ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదని" అన్నది 2 థెస్సలొనీకయులకు 3:10. చేయలేనివాడి గురించి, పని దొరకనివాడి గురించి పౌలు అక్కడ మాట్లాడలేదు. తర్వాతి వచనంలో ఆయన మనసులో ఉన్నవాళ్లెవరో కనిపిస్తారు: ఏ పనీ చేయకుండా పరుల జోలికి పోయేవాళ్లు. గది దాటి బయటికి రాని కుర్రాడు ఈ వర్ణనలో ఇమడడు. పైగా 15వ వచనం అలాంటివాణ్ణి కూడా శత్రువుగా చూడొద్దు, సహోదరుడిగా బుద్ధి చెప్పమంటుంది.

ఇదే సంఘానికి రాసిన మొదటి పత్రికలో 5:14 చూడండి: "అక్రమముగా నడుచుకొనువారికి బుద్ధి చెప్పుడి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి." ముగ్గురు మనుషులు, మూడు మందులు. ధైర్యం చెడినవాడికి బుద్ధి చెబితే ఇంకా కుంగుతాడు. అక్రమంగా తిరిగేవాడికి ఊతమిస్తే ఇంకా తిరుగుతాడు. ఇళ్లలో జరిగే పొరపాటు చాలావరకు ఇదే, మందు మంచిదే, మనిషి వేరు.

మీవాడు ఏ రకమో తెలుసుకోవడానికి కొన్ని గమనించండి. ఇంతకుముందు ఇష్టపడ్డ ఆట, పాట, స్నేహితులు కూడా వద్దంటున్నాడా? నిద్ర, ఆకలి బాగా తగ్గాయా, పెరిగాయా? ఏ పని చెప్పినా "నా వల్ల కాదు" అంటాడా, "నేనెందుకు చేయాలి" అంటాడా? మొదటి మాటలో భయం ఉంది, రెండో మాటలో మొండితనం ఉంది. దిగులు, ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడడం రెండు వారాలు దాటి ఉంటే అది డాక్టరుకు చూపించాల్సిన విషయం. రక్తహీనత, థైరాయిడ్ కూడా మనిషిని ఇలా కూలేస్తాయి కాబట్టి రక్తపరీక్ష అడగండి. చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకెళ్లండి.

చావును కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత మొదట చెప్పింది "లేచి భోజనము చేయుము" అని (1 రాజులు 19:5). తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు, మళ్లీ తిన్నాడు. "ఇక్కడ నువ్వేం చేస్తున్నావు?" అన్న ప్రశ్న హోరేబు కొండ చేరాకే వచ్చింది, పని అప్పగించడం ఆ తర్వాత. ఈ వరస మీకూ పనికొస్తుంది.

ఆరోగ్యం బాగానే ఉందని తేలితే అప్పుడు పని. "ఏదో ఒకటి చెయ్యి" అనకండి, దానికి జవాబుండదు. రోజుకు ఒకటే, ఇంట్లో అందరికీ అవసరమైనది, గంటలోపు అయ్యేది, ఒక వేళకు చేయాల్సింది అప్పగించండి. రెండు వారాలు నిలిస్తే ఇంటి బయట పనికి మార్చండి, జీతం ఎంతైనా సరే. అతను చేయకపోతే మీరు చేసిపెట్టకండి, అది ఆగి ఉండడం అతనికి కనబడాలి. చాలామంది తల్లులు ఇక్కడే జారుతారు. ఆరోగ్యంగా ఉండి, పని దొరికి, పదేపదే "చేయను" అంటే, అప్పుడు చేతి ఖర్చులు ఆపడం 3:10కి లోబడడమే. భోజనం దగ్గర గొడవ మాత్రం పెట్టుకోకండి. ఇంట్లో మాట్లాడుకోవడానికి మిగిలే చోటు అదొక్కటే.

ప్రశ్న: ఆదాము పాపం చేయడం వల్ల కదా మనకు ఈ పని అనే శాపం?

జవాబు: కాదు. ఏదెను తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" నరుణ్ణి అందులో ఉంచింది ఆదికాండము 2:15లో, పాపం 3వ అధ్యాయంలో. శపించబడింది నేల (3:17). ముళ్లు, చెమట, ప్రయాస అక్కడి నుంచి వచ్చాయి, పని అంతకుముందే ఉంది.

ప్రశ్న: నాకు సోమరితనం భయం ఎక్కువ. సెలవు రోజున కూర్చున్నా తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అర్ధరాత్రి దాకా పనిచేస్తాను. ఇది మంచి గుణమేనా?

జవాబు: సామెతలు 6వ అధ్యాయం చదివినవాళ్లు 23:4 కూడా చదవాలి. ఐశ్వర్యం కోసం ఒళ్లు హూనం చేసుకోవద్దని అదే పుస్తకం అంటుంది. వేకువనే లేచి, చాలా పొద్దుపోయాక పడుకుని, కష్టార్జితం తినడం వ్యర్థమని కీర్తన 127:2. చేతులు ముడుచుకున్నవాణ్ణి ప్రసంగి 4:5లో తిట్టి, వెంటనే 4:6లో రెండు చేతులనిండా శ్రమ కంటే "ఒక చేతినిండ నెమ్మది" మేలంటాడు. రెండు వచనాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నే పట్టుకోవడం కుదరదు.

ముఖ్యంగా నిర్గమకాండము 34:21 చూడండి. దున్నే కాలంలోనూ, కోసే కాలంలోనూ ఏడవ రోజు ఆగమంటుంది. పని తక్కువున్నప్పుడు సెలవు ఎవరైనా తీసుకుంటారు. ఆజ్ఞ ఉన్నది తలమునకలయ్యే వారానికి. వారంలో ఒక రోజును ముందే గుర్తుపెట్టుకుని, ఆ ముందు రాత్రే పని సర్దేయండి. ఆ రోజు మనసు కుదురుగా ఉండకపోవడం మొదట్లో మామూలే. కూర్చోగానే వచ్చే తప్పు భావన ఎవరి గొంతులో వస్తోందో గమనించండి. అది చాలాసార్లు దేవుడి గొంతు కాదు, చిన్నప్పుడు మనల్ని తిట్టినవాళ్లది.

ప్రశ్న: మా సంఘంలో పేదల నిధి చూస్తాం. సోమరులకు ఇచ్చి బద్ధకం పెంచుతున్నామని కొందరి ఆక్షేపణ. ఎవరు పేద, ఎవరు సోమరి అని ఎలా తేల్చాలి? – సంఘ పెద్దలు

జవాబు: సోమరి అన్న మాట వాడేముందు అది బైబిల్లో ఎవరి నోట వచ్చిందో కూడా చూడండి. "మీరు సోమరులు మీరు సోమరులు" అన్నది ఐగుప్తు రాజు ఫరో, తన దగ్గర వెట్టిచాకిరీ చేస్తున్న ఇశ్రాయేలీయులతో (నిర్గమ 5:17). గడ్డి ఇవ్వడం ఆపేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించకుండా, తర్వాత అన్న మాట అది. బీదలు దున్నిన నేల పండినా అన్యాయం వల్ల పోతుందని సామెతలు 13:23 ఒప్పుకుంటుంది. యేసు చెప్పిన ఉపమానంలో సాయంత్రం అయిదింటికి సంతలో ఊరకే నిలబడ్డవాళ్లు చెప్పింది, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అని (మత్తయి 20:7). యజమాని వాళ్లతో వాదించలేదు, పని ఇచ్చాడు.

ధర్మశాస్త్రం పెట్టిన ఏర్పాటు ఈ తగువును చాలావరకు తప్పిస్తుంది. పొలం అంచులు కోయొద్దు, రాలిన పరిగె ఏరొద్దు, బీదలకూ పరదేశులకూ వదలండి (లేవీయ 19:9-10). ఏరుకోవడం వాళ్ల పని. పరదేశి విధవరాలు రూతు సాయంకాలం దాకా ఏరి, దుళ్లగొట్టి, దాదాపు తూమెడు యవలు తెచ్చుకుంది (రూతు 2:17). ఎవరు సోమరో ఎవరూ విచారించనక్కర్లేదు, చేను వాకిలి తెరిచి ఉంది.

మీ నిధిని మూడుగా విడదీయండి. పని చేయలేనివాళ్లకు, అంటే వృద్ధులు, రోగులు, పసిపిల్లల తల్లులకు, ఏ షరతూ లేకుండా నెలనెలా. ఇలాంటి విధవరాండ్ర జాబితాకు పౌలు అరవై ఏళ్ల వయసు పెట్టి, కుటుంబం ఉన్నవాళ్లను ముందు కుటుంబమే చూడాలన్నాడు (1 తిమోతి 5:4, 9, 16), కాబట్టి బంధువుల్ని అడగడం తప్పు కాదు. పని దొరకనివాళ్లకు డబ్బు కంటే పనిముట్టు, ప్రయాణ ఖర్చు, సంఘంలో ఎవరి దగ్గరైనా కూలి. పని ఇచ్చినా వద్దన్నవాళ్లకు సహాయం ఆపి, ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్లి మాట్లాడాలి, వేదిక మీద పేరెత్తకూడదు. ఆ మూడో పట్టికలో చేర్చేముందు కనీసం రెండుసార్లు నిజమైన పని చూపించి ఉండాలి, చేసిన పనికి ఆ పూటే కూలి ఇచ్చి ఉండాలి. పొద్దు గుంకేలోగా కూలి ఇమ్మని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది, ఆ వచనం నిధి నిర్వాహకులకూ వర్తిస్తుంది.