వీల్‌ఛైర్ వాడేవాళ్లతో తిరుపతి నుంచి వేసవి క్యాంపుకు వెళ్లాలంటే ఏం చూసుకోవాలి?

పిల్లలూ పెద్దలూ కలిసి, మే నెలలో, రెండు రోజుల క్యాంపు అనుకుంటే ముందు చోటు సంగతి. అందరి నోటా వచ్చేది తలకోనే, కానీ జలపాతం దారి రాళ్లూ మెట్లూ. 1,200 మీటర్లకు పైనున్న హార్సిలీ కొండ నయం, పైదాకా తారు రోడ్డే. చల్లదనం ఇక్కడ సరదా కాదు, అవసరం. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఆ కింది ఒంటికి చెమట సరిగా పట్టదు, వేడి లోపలే ఉండిపోతుంది. తడి తువ్వాలు, నీళ్లు చిమ్మే సీసా చేతికందేలా ఉంచండి. కొండ మీదైనా 11 నుంచి 4 దాకా నీడపట్టునే.

చాలా క్యాంపులు చెడేది బాత్రూం దగ్గర. గది తలుపు వెడల్పుగానే ఉంటుంది, బాత్రూందే ఇరుకు. కనీసం 80 సెంటీమీటర్లు కావాలి. ఫోన్లో అడిగితే "అన్నీ ఉన్నాయి సార్" అంటారు. టేపు పెట్టి తీసిన ఫొటో పంపమనండి. లోపలికి వెళ్లలేమని తెలిస్తే మనుషులు నీళ్లు తాగడం మానేస్తారు. వడదెబ్బ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అక్కడే మొదలు.

15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల ర్యాంపు పలక ఉండాలి. పొట్టిదైతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

టెంటులో నేలపడక వద్దు. కుర్చీ సీటుతో సమానంగా, 45–50 సెంటీమీటర్ల ఎత్తు మంచం వేయండి. స్పర్శ లేని కాళ్లు ఎండకు కాగిన బండ మీద, చలిమంట పక్కన తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. కుషన్ ఉన్నా, ఒత్తిడికి పుండ్లు పడకుండా 15–30 నిమిషాలకోసారి ఒంటి బరువు అటూ ఇటూ మార్చుకోవాలి.

స్పేర్ ట్యూబు, పంపు, స్పానరు, లెక్కకు సగం ఎక్కువ కాథెటర్లు (మూత్రం బయటికి తీసే గొట్టాలు) వెంట ఉంచుకోండి. మందుల సంచి మాత్రం కోతులకు దొరకనివ్వకండి.