కవర్ అంచున తెల్లగీత ఎందుకు?

ప్రశ్న: మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సావనీర్ నేనే డిజైన్ చేశాను. ఏ4 సైజు, కవర్‌తో కలిపి 30 పేజీలు. ప్రెస్‌వాళ్లు ‘బ్లీడ్ లేదు, ఆర్‌జీబీలో ఉంది, పేజీలు కుదరవు’ అంటూ ఫైల్ తిప్పి పంపారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మంచి ప్రెస్సే దొరికిందండీ మీకు. ఇవేవీ చూడకుండా అచ్చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో పాత సావనీర్ ఏదైనా ఉంటే దాని కవర్ అంచులు చూడండి. ముదురు రంగు పక్కన వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తే బ్లీడ్ ఇవ్వలేదన్నమాట. కాగితాల దొంతరను మెషిన్ మీద కోసేటప్పుడు ఓ మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుంది. బొమ్మ సరిగ్గా పేజీ అంచునే ఆగిపోతే, జరిగినంత మేర తెల్ల కాగితం బయటపడుతుంది. అందుకే బొమ్మను నాలుగు వైపులా 3 మి.మీ. చొప్పున బయటికి పెంచాలి. ఇలా పెంచిన భాగమే బ్లీడ్. ఏ4 అంటే 210×297 మి.మీ.; బ్లీడ్‌తో కలిపి 216×303 అవుతుంది. కత్తి లోపలికీ జరగొచ్చు కాబట్టి పేర్లు, ముఖాలు అంచుకు కనీసం 5 మి.మీ. ఎడంగా ఉంచండి.

ఆర్‌జీబీ తెర రంగులు. ప్రెస్‌లో వాడేది సీఎంవైకే, అంటే నాలుగు సిరాలు. మెరిసే నీలం, చిలకపచ్చ కాగితం మీద కాస్త మందగిస్తాయి. ముందే మార్చి చూసుకోండి.

సెంటర్ పిన్ కొట్టే పుస్తకంలో ఒక షీటు మడిస్తే 4 పేజీలు. కాబట్టి 28 గానీ 32 గానీ ఉండాలి. నా మాట వింటే 32 చేసి, నడిమి పేజీలైన 16, 17 మీద పాత గ్రూప్ ఫొటో పరచండి. ఆ రెండూ ఒకే షీటు మీద వస్తాయి, బొమ్మ ఎగుడుదిగుడు కాదు. మడత దగ్గర, అంటే గట్టర్‌లో, ఏ స్నేహితుడి ముఖమూ పడకుండా చూడండి. ఫొటో వాట్సాప్‌లో వచ్చిందైతే మాత్రం వద్దు. వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది. 1600 పిక్సెళ్ల ఫొటో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఐదున్నర అంగుళాలకు మించి రాదు. రెండు పేజీలకు కలిపి మీకు కావాల్సింది పదహారున్నర. ఆల్బమ్‌లోని అసలు ఫొటో 8 అంగుళాలుంటే 600 డీపీఐలో స్కాన్ చేయించండి, దాదాపు సరిపోతుంది.

ప్రశ్న: పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లైన్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. కొన్ని ఒత్తులు విడిపోతున్నాయి.

జవాబు: లైన్ల మధ్య దూరాన్ని లీడింగ్ అంటారు. ఆటోలో వదిలేస్తే అక్షరం సైజుకు 120 శాతం, అంటే 12 పాయింట్లకు 14.4. ఇంగ్లిష్‌కు అది చాలు. మనకు ‘జ్యోత్స్న’ కింద రెండు ఒత్తులు దిగుతాయి, కింది లైన్‌లో గుడి పైకి లేస్తుంది. రెండూ ఢీకొంటాయి. 18 దాకా పెంచి, ఫాంటును బట్టి సరిచేసుకోండి. ఒత్తులు విడిపోతుంటే, యూనికోడ్ ఫాంటే వాడుతున్నారా అని చూసుకుని, పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద కంపోజర్‌ను (అక్షరాలను, లైన్లను పేర్చే పద్ధతిని) ‘వరల్డ్ రెడీ’కి మార్చండి.