సమాధానం: అప్పు దావాలో బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్ తలుపుకు సమన్లు అంటించి వెళ్లారు, ఇది చెల్లుతుందా?

చెల్లే అవకాశం ఉందండీ. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు కోర్టు అమీను (సమన్లు అందించే ఉద్యోగి) వచ్చాడు, మీ నాన్నగారు సంతకం పెట్టనన్నారు, అతను ప్రతిని తలుపుకు అంటించాడు. సీపీసీ (సివిల్ కేసుల విధానం చెప్పే చట్టం) ఆర్డర్ 5 రూల్ 17 చెప్పేది అదే. మీరు ఇంట్లో లేక, తగిన సమయంలో దొరికే అవకాశమూ లేనప్పుడు, మీతో ఉంటున్న కుటుంబంలో వయసొచ్చిన వాళ్లెవరైనా, ఆడవాళ్లయినా సరే, కాగితాలు తీసుకోవచ్చు. పనిమనిషికిస్తే మాత్రం లెక్కలోకి రాదు. రిజిస్టర్డ్ పోస్టు వద్దని తిప్పి పంపినా అందినట్టే కోర్టు ప్రకటిస్తుంది. సంతకం పెట్టడమంటే అప్పు ఒప్పుకోవడం కాదు, కాగితం అందిందనడమే.

అంటించిన కాగితం ఫొటో తీసి, తేదీ రాసుకుని, జాగ్రత్తగా ఊడదీసి దాచండి. దావా ప్రతి జతచేశారో లేదో చూడండి. లేకపోతే వకీలుకు ముందే చెప్పండి. కేసు నంబరు ఈకోర్ట్స్ అనే కోర్టుల అధికారిక సైటులో కొట్టి చూస్తే నకిలీదో కాదో తేలిపోతుంది. అమీనుకు మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు, అతని బత్తా (సమన్లు అందించే ఖర్చు) కేసు వేసిన వాది కోర్టులోనే కడతాడు.

జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. వాయిదాకు మీ తరఫున ఎవరూ వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపిస్తారు. అంటించిన తీరు తప్పనుకున్నా, ఆ మాట వకీలుతో కోర్టులో చెప్పించండి, ఇంట్లో కూర్చుని కాదు.