తోరణం చేతిది, అప్పు కార్డుది

ప్రశ్న: పండుగలకు ఇంటిని నా చేతి అలంకరణలతో నింపడం నాకు ఇష్టం. కొనడం కంటే చౌక అని కూడా అనుకున్నాను. తీరా చూస్తే గత సీజన్‌లో అన్నీ కొనుక్కున్న వాళ్లకంటే నాకే ఎక్కువ ఖర్చయింది. చివరి రెండు వారాల్లో హడావిడిగా క్రెడిట్ కార్డు మీద కొని, నెలకు 3 శాతం వడ్డీతో ఆరు నెలల పాటు తీర్చాను. ఆ బాకీ రెండు నెలల కిందట పూర్తయింది. వచ్చే సీజన్‌కు నాలుగు నెలలుంది కాబట్టి ఈసారి ముందే మొదలుపెట్టాలని ఉంది. కాగితం కత్తిరించే యంత్రం కొంటే పని తేలికవుతుందంటున్నారు. దాని ధర నేను గత ఏడాది సరుకు మీద పెట్టినదానికి మూడింతలు. అత్యవసర నిధి నుంచి తీయవచ్చా? ఈలోగా తెలిసినవాళ్లు ఒక వేడుకకు 40 కాగితపు తోరణాలు అడిగారు. మూడు వారాల్లో ఇస్తానని మాటిచ్చాను. దీన్ని ఆదాయంగా మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు జతచేసిన ఖర్చుల పట్టికను రెండుసార్లు చదివాను. చాలామంది ఇంత వివరంగా రాసుకోరు, అందుకు ముందుగా అభినందనలు. అసలు అంకెలు పక్కన పెట్టి, గత సీజన్ మొత్తం ఖర్చును 100 అనుకుందాం. అందులో నిజంగా అలంకరణగా మారిన సరుకు 38. కొని, వాడకుండా అటక మీది పెట్టెలోకి పోయిన సరుకు 27. టైము చాలక చివరికి దుకాణంలో కొన్న రెడీమేడ్ వస్తువులు 25. త్వరగా తెప్పించుకున్నందుకు అదనపు డెలివరీ ఛార్జీలు 10. అంటే చేతిపనికి అసలు ఖర్చయింది 38 మాత్రమే. మిగతా 62 ఆలస్యానికి, లెక్క లేకుండా కొన్నందుకు మీరు కట్టిన జరిమానా.

దాని మీద కార్డు వడ్డీ వేరే. 100 బాకీని ఆరు సమాన వాయిదాల్లో తీరిస్తే, తగ్గుతూ వచ్చే అసలు మీద నెలకు 3 శాతం చొప్పున వడ్డీ మొత్తం 10.5 అవుతుంది. ‘నెలకు 3’ అంటే వినడానికి చిన్నదే. ఏడాదంతా బాకీ ఉంచితే చక్రవడ్డీతో అది 42.6 శాతం. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా కార్డుల్లో పాత బాకీ పూర్తిగా తీరేవరకూ కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఆ ఆరు నెలల్లో మీరు అదే కార్డుతో ఇంటి సరుకులు కొని ఉంటే, వాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడి ఉంటుంది. పాత స్టేట్‌మెంట్లు ఒకసారి తీసి చూడండి.

ముందుగా మొదలుపెట్టడం అనగానే అందరూ ముందుగా కొనడం అనుకుంటారు. మీరు దయచేసి ఏమీ కొనకండి. ఒక ఆదివారం ఆ పెట్టె కిందికి దించండి.

ఎందుకంటే మీ పట్టికలో ఒక పద్దు దగ్గర నేను ఆగిపోయాను: ‘రంగు కాగితం, ఏ4, 3 కిలోలు’. కిలోల లెక్కన చౌకగా వచ్చిందని పక్కనే రాశారు. మీరు ఆ కాగితంతో చేసింది 30 ముక్కల సొనొబే బంతులు, అంటే మడిచిన కాగితపు ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి చేసేవి. ఒక ముక్కకు ఒక చదరం కావాలి. 9.9 సెంటీమీటర్ల చదరాలైతే ఏ4 కాగితంలో ఆరు వస్తాయి కనుక ఒక బంతికి ఐదు కాగితాలు చాలు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది. బంతికి 25 గ్రాములు, కిలోకు 40 బంతులు. మీరు కొన్న మూడు కిలోలు 120 బంతులకు సరిపోతాయి. మీ ఇంట్లో వేలాడినవి 14. వాటికి కావలసింది 350 గ్రాములే! చౌకగా కొన్నారు, నిజమే. ఎనిమిది సీజన్లకు సరిపడా కొన్నారు.

నవ్వుతున్నాననుకోకండి. మా ఇంట్లోనూ ఒక సొరుగు నిండా రిబ్బను చుట్టలున్నాయి, సగం ధరకు కొన్నవి. వాటిని కట్టడానికి సరిపడా వస్తువులు మా ఇంట్లో ఎప్పటికీ ఉండవు.

కాబట్టి కొనే ముందు వస్తువు, ఎన్ని, ఒక్కోదానికి ఎంత సరుకు అన్న మూడు గడులతో ఒక కాగితం రాసుకోండి. పెట్టెలో ఉన్నది అందులోంచి కొట్టేయండి. నా అంచనాలో ఈ ఏడాది మీకు 45 విలువైన సరుకు చాలు, ఎక్కువే కూడా. అందులో కనీసం 15 విలువైనది పెట్టెలోంచే వస్తుంది. కొనాల్సింది 30. నాలుగు నెలలున్నాయి కాబట్టి నెలకు 7.5 పక్కన పెడితే సరి. నిన్నమొన్నటి దాకా కార్డుకు నెలకు 17కు పైగా కట్టిన మీకు ఇది బరువు కాదు. జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. ఖాతాకు ‘పండుగ’ అని పేరు పెట్టండి, పేరు పెట్టిన డబ్బును ముట్టుకోవడానికి చెయ్యి కాస్త జంకుతుంది. వచ్చే ఏడాది నుంచి అదే 45ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 3.75. ఈ ఖాతా మీద వడ్డీ ఎంత వస్తుందని వెతుక్కుంటూ కూర్చోకండి. ఏడాదికి 4 శాతం వచ్చినా మీ చేతికందేది ఒకటి కంటే తక్కువే. దీనివల్ల అసలు లాభం కార్డుకు 10.5 కట్టకపోవడం.

ఇక పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. ఇది కూడా డబ్బు సంగతే, ఎందుకంటే మీ రెడీమేడ్ 25, డెలివరీ 10 పుట్టింది ఇక్కడే. పండుగ రోజు నుంచి వెనక్కి లెక్కించండి. చివరి వారం వేలాడదీయడానికి మాత్రమే ఉంచుకోండి, కత్తెర ముట్టుకోవద్దు. దానికి ముందు వారం ఆరడానికి. తెల్ల జిగురు గంటలో అంటుకున్నట్టే కనిపిస్తుంది కానీ పూర్తి బలం రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కాగితపు గుజ్జుతో చేసే గిన్నెలు, ముసుగులయితే ఒక పొర ఆరాకే ఇంకో పొర వేయాలి, ఐదు పొరలంటే ఐదారు రోజులు. తొందరపడి తడి మీద రంగు వేస్తే లోపల బూజు పట్టి మొత్తం పారేయాల్సి వస్తుంది, సరుకు ఖర్చు రెండింతలవుతుంది. ఆకులు పుస్తకాల మధ్య అణచి ఆరబెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు. పూల కొమ్మలు తలకిందులుగా, వెలుతురు తగలని చోట వేలాడదీస్తే అవి ఆరడానికీ రెండు మూడు వారాలు పడుతుంది. ఆకులు, కాయలు, కొమ్మలు రాలే కాలంలో ఏరుకుంటే ఉచితం. సీజన్‌లో అవే ప్యాకెట్లో కనిపిస్తాయి, ధర చూసి మీకే నవ్వొస్తుంది. మీ నాలుగు నెలల్లో మొదటి నెల ఏరుకోవడానికి, ఆరబెట్టడానికి కేటాయించండి.

సీజన్ ముగిసిన మర్నాడు దుకాణాల్లో తగ్గింపులు మొదలవుతాయి. వెళ్లండి, కానీ ఆ మూడు గడుల కాగితం పట్టుకుని వెళ్లండి. తీగ, దారం, మందపాటి అట్ట వంటివి ఏడాది తర్వాత కూడా అలాగే ఉంటాయి. జిగురు, రంగులు, బ్యాటరీలు మాత్రం సగం ధరకు దొరికినా ఏడాది ముందు కొనకండి. సీసాలో గట్టిపడిన జిగురుకు తగ్గింపు లేదు.

చేసిన వాటిని దాచడం గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. 30 ఖర్చయిన అలంకరణ ఒక్క పండుగకు వాడితే ఖర్చు 30, ఆరు పండుగలకు వాడితే ఏటా 5. ఏ కాగితంతో చేశారన్నది దీన్ని నిర్ణయిస్తుంది. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ ఎక్కువ, వెలుతురు తగిలితే పసుపెక్కిపోతుంది. ముడతల కాగితానికి తేమ తగిలితే రంగు కారి, పక్కనున్న తెల్లటి వస్తువుకూ అంటుతుంది. వేడి జిగురు తుపాకీతో అతికించినవి ఎండ పడే కిటికీ దగ్గర మెత్తబడి ఊడిపోతాయి, వాటిని కుట్టడం మేలు. తోరణాలను అట్టముక్కకు చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో వేసి, పైన ఏమున్నాయో, ఎన్ని ఉన్నాయో రాయండి. గత ఏడాది మీరు రెండోసారి కొన్న దారపు ఉండలు పెట్టె మీద ఆ చీటీ ఉంటే కొనేవారు కాదు.

యంత్రం సంగతి. ఇప్పుడు వద్దు. ఇది వేరే తలుపు నుంచి వచ్చిన మూడు కిలోల కాగితమే. వాడినది, వాడనిది కలిపి మీ సరుకు 65, దానికి మూడింతలంటే యంత్రం ధర 195. కత్తెర పనికి ఏడాదికి 15 గంటలు పడుతుందని రాశారు. యంత్రం ఆ పనంతా చేసిపెట్టి ఐదేళ్లు మన్నినా మిగిలేది 75 గంటలు, అంటే గంటకు 2.6. బ్లేడ్లు, కింద పరిచే జిగురు పలకలు అరిగినప్పుడల్లా మార్చాలి, ఆ ఖర్చు ఇందులో కలపలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే ఒక సాయంత్రం అరువడగండి. గట్టి అట్టతో ఒక అచ్చు కోసుకుని నాలుగైదు కాగితాలు కలిపి కత్తిరించినా పనిలో చాలా భాగం తగ్గుతుంది. ఇక అత్యవసర నిధి అంటారా, పండుగ తేదీ క్యాలెండరులో ఏడాది ముందే అచ్చయి ఉంటుంది. దాన్ని అత్యవసరం అనడానికి నా వృత్తి ఒప్పుకోదు.

ఆదాయం విషయంలో మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని లేదు, కానీ ఒక్క తోరణం లెక్క చూడండి. పై 100 లెక్క పక్కన పెట్టి, మీరు ఒప్పుకున్న ధరను 15 పాళ్లు అనుకుంటే, మీరే రాసిన ప్రకారం సరుకు 10. పాడయ్యే ముక్కలకు 1, ప్యాకింగుకు 2. మిగిలేది 2. ఒక్కోటి చేయడానికి గంటన్నర. అదే పనికి మనిషిని పెట్టుకుంటే గంటకు 6 ఇవ్వాల్సి వస్తుందన్నారు. అంటే మీ శ్రమ విలువ 9, న్యాయమైన ధర 22. ఇక మీదట వచ్చే ఆర్డర్లకు ఈ 22 చెప్పండి, సగం ముందుగా తీసుకోండి, ఫలానా తేదీ తర్వాత ఆర్డరు తీసుకోనని చెప్పండి. ఎవరూ అడగకుండా చేసి నిల్వ పెట్టుకోకండి, పండుగ మర్నాడు ఆ సరుకును కొనేవాడు ఉండడు. వచ్చింది ఎంత కొద్దిదైనా రాసిపెట్టుకోండి, పన్ను లెక్కల్లో చూపాల్సి రావచ్చు. ఆ డబ్బు మొదట మీ పండుగ ఖాతాలో పడాలి.

ఇప్పుడున్న ఆర్డరు మాత్రం తొందరగా తేల్చుకోవాలి. 40 తోరణాలంటే 60 గంటల పని. రోజూ సాయంత్రం రెండు గంటలు మీ చేతిలో ఉన్నాయి, మూడు వారాలకు 42 గంటలు. ఒక్క సాయంత్రం కూడా పోకుండా చేస్తే తయారయ్యేవి 28. మిగతా 12 కోసం చివరి మూడు రోజులు నిద్ర మానుకుంటారు, లేదా కార్డు తీసి ఎక్కడో రెడీమేడ్ కొని ఇస్తారు, రెండోది మీ అలవాటు. ఆ 28 మాటిచ్చిన ధరకే ఇవ్వండి. వాళ్లకు ఈరోజే ఫోను చేసి, 28 అనుకున్న తేదీకి అందుతాయని, ఇంకో 12 కావాలంటే పది రోజులు ఆగి కొత్త ధరకు తీసుకోవాల్సి ఉంటుందని చెప్పండి. మూడు వారాల ముందు చెబితే వాళ్లు ఆ 12 చోట్ల వేరే ఏర్పాటు చేసుకోగలరు, ముందు రోజు సాయంత్రం చెబితే చేసుకోలేరు.