ఫోన్లో గ్రహాలు చూసే కుర్రాడికి ఉద్యోగం వస్తుందా?

చీపురుపల్లి నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. రాత్రి పదకొండు దాటినా ఫోన్లో సూర్యుడి చుట్టూ గ్రహాలు, తోకచుక్కలు, వాయేజర్ వ్యోమనౌక ఎక్కడున్నాయో చూస్తూ కూర్చుంటాడు. ఇదే చదువుతానంటాడు. అదేటి చదువు సార్, దానికి ఉద్యోగమేటి?"

ముందు ఫోన్ లాక్కోకండి. మీ ఇంట్లో గంటల పంచాంగం ఉండే ఉంటుంది, ఏ గ్రహం ఏ రోజు ఏ రాశిలో ఉందో చూస్తారు కదా, మీవాడు చూసేదీ అలాంటి లెక్కే. నాసా వాళ్ల జేపీఎల్ అనే ల్యాబ్ నడిపే హొరైజన్స్ అనే సర్వీసు గ్రహాలతో పాటు తోకచుక్కలకు, గ్రహశకలాలకు, వ్యోమనౌకలకు కూడా ఆ లెక్క ఉచితంగా ఇస్తుంది. మనవైపు ఇదేం కొత్త కాదు, విశాఖలో అంకితం వెంకట నరసింగరావు గారు 1874లోనే తమ అబ్జర్వేటరీ నుంచి శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూసి నమోదు చేశారు.

ఇప్పుడు అసలు పని ఏమిటంటే, 1977లో బయల్దేరిన వాయేజర్-1 ఏ టెలిస్కోపుకీ కనబడదు. అక్కడి నుంచి సిగ్నల్ రావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టిన టైమును బట్టి దూరం, రైలు కూత దగ్గరికొస్తే ఒకలా దూరమైతే ఇంకోలా వినబడినట్టు ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడాను బట్టి వేగం లెక్కగడతారు. సూర్యుణ్ణి పరిశీలించే మన ఆదిత్య-ఎల్1 నౌకకి ఈ పని బెంగళూరులోని ఇస్ట్రాక్ అనే ఇస్రో కేంద్రం చేస్తుంది, దగ్గర్లోని బ్యాలాలులో 32 మీటర్ల డిష్ ఉంది. అంటే ఇది లెక్కలు, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్. ఆకాశం చూస్తూ కూర్చునే ఉద్యోగం అనుకుంటే మీవాడు నిరాశపడతాడు.

అందుకే ఓ చిన్న పరీక్ష పెట్టండి. 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి వరకు భూమి నుంచి కనబడే కుజుడి స్థానాన్ని రోజుకొకటి చొప్పున హొరైజన్స్‌లో తీసుకుని ఎక్సెల్లో గ్రాఫ్ గీయమనండి. డిసెంబరు మొదటి వారంలో గీత వెనక్కి తిరిగి, ఫిబ్రవరి చివర్లో మళ్లీ ముందుకెళ్తుంది, పంచాంగంలో వక్రం అనేది ఇదే. ఎందుకలా అయిందో మీకు అర్థమయ్యేలా చెప్పగలగాలి (మనం ఎక్కిన ఎక్స్‌ప్రెస్ పక్క ట్రాకు మీది గూడ్సును దాటేటప్పుడు గూడ్సే వెనక్కి పోతున్నట్టు ఉండదూ, అదే సంగతి). తర్వాత అదే కుజుణ్ణి సూర్యుడి దగ్గర్నుంచి చూసినట్టు గీయమంటే వక్రం మాయమవుతుంది. ఇది చేసి ఇంకా కావాలన్నాడా, పనికొస్తాడు. రెండో రోజే వదిలేశాడా, అది సరదా, సరదాగానే ఉండనివ్వండి.

దారుల సంగతికొస్తే, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ. లేదా ఐఏటీ అనే ప్రవేశపరీక్ష రాసి తిరుపతి ఐసర్ లాంటి సైన్స్ సంస్థలో ఫిజిక్స్, ఆ తర్వాత పీహెచ్‌డీ, ఇది పరిశోధన వైపు వెళ్లే దారి, ఓపిక కావాలి. రెండూ కుదరకపోతే దగ్గర్లోనే మంచి కాలేజీలో ఎలక్ట్రానిక్స్‌గానీ కంప్యూటర్స్‌గానీ బీటెక్ చేసి, 65 శాతం తగ్గకుండా చూసుకుని ఇస్రో పరీక్ష రాయొచ్చు. పోస్టులు తక్కువ, పోటీ విపరీతం, దాచను. కానీ ఆ లెక్కలు, కోడింగు వచ్చినవాడికి సాఫ్ట్‌వేర్‌లోనూ పని దొరుకుతుంది. స్పేస్ కోర్సు అంటూ లక్షలు అడిగేవాళ్లకి మాత్రం రూపాయి ఇవ్వకండి, ఇంటర్ కుర్రాడికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఓ పాత ల్యాప్‌టాప్ చాలు.

గ్రాఫ్ అయ్యాక నాకు పంపమనండి, చూసి మాట్లాడతాను. ఫోన్ పదిన్నరకి పక్కన పెట్టాల్సిందే, పొద్దున్నే కాలేజీ ఉంది కదా.